డిజిటల్ ఆర్థిక వ్యవస్థకు పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి? – ముసాయిదాలపై చర్చ

#1 దస్త్రం

జాతీయ డిజిటల్ ఆర్థిక విధానం అనగానే ఏ దేశం ముసాయిదా తీసినా ఒకటే వరస. ప్రధాని అధ్యక్షతన ఓ మండలి, కొత్తగా ఓ మంత్రిత్వ శాఖ, అందరికీ గుర్తింపు సంఖ్య, తక్షణ చెల్లింపుల వ్యవస్థ, సేవలన్నిటికీ ఒకే యాప్, అంకుర సంస్థలకు ఓ నిధి. వీటిలో ఏదీ తప్పు కాదు. అయినా ఇలాగే మొదలుపెట్టిన దేశాల్లో కొన్ని ముందుకెళ్లాయి, కొన్ని ప్రారంభోత్సవం దగ్గరే ఆగిపోయాయి.

దార్శనికత మీద ఉపన్యాసాలు వద్దండీ. మొదటి మూడేళ్లలో ఏ సంస్థకు ఏ అధికారం ఉండాలి, ఏది ముందు ఏది వెనక, ఎక్కడ బెడిసికొడుతుంది? అంకెలతో, ఉదాహరణలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

#2 నిధి_లెక్క

మండలికి ఎవరు అధ్యక్షత వహిస్తారన్నది పెద్ద విషయం కాదు. "ఈ ఖర్చు కుదరదు" అని చెప్పి, ఆ మాట మీద నిలబడే అధికారం ఎవరికుందన్నదే అసలు విషయం.

బ్రిటన్‌ను చూడండి. ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలపై 2010లో మార్తా లేన్ ఫాక్స్ నివేదిక వచ్చింది, 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ (జీడీఎస్) పుట్టింది, 2012 అక్టోబరులో ప్రభుత్వ సేవల ఉమ్మడి వెబ్‌సైటు జీఓవీ.యూకే తెరుచుకుంది. అందరూ ఆ వెబ్‌సైటునే పొగుడుతారు. దాని వెనక పనిచేసింది మాత్రం ఖర్చుల మీద పెట్టిన అదుపు. 50 లక్షల పౌండ్లు దాటిన ఐటీ ఖర్చు ఏ శాఖదైనా క్యాబినెట్ ఆఫీసు సరే అంటేనే కదిలేది. 2014 జనవరిలో ఇంకొన్ని గీతలు గీశారు: 10 కోట్ల పౌండ్లు దాటిన ఐటీ కాంట్రాక్టు ఉండకూడదు, హోస్టింగ్ కాంట్రాక్టు రెండేళ్లు మించకూడదు, గడువు దానంతటదే పొడిగింపు కాకూడదు, సేవ అందించే కంపెనీయే వ్యవస్థలన్నిటినీ అనుసంధానించే పని కూడా చేయకూడదు. నాలుగే నాలుగు ముక్కలు. వంద పేజీల విధాన పత్రం కంటే ఇవే ఎక్కువ పనిచేశాయని నా అంచనా.

ఇలాంటి గేటు పెట్టేటప్పుడు జరిగే తప్పులు కూడా చెప్పుకోవాలి. పరిమితి పెట్టగానే శాఖలు పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ పరిమితికి కాస్త కింద ఉంచుతాయి. అందుకని కాంట్రాక్టు విలువను ఒక్కటే చూస్తే చాలదు. ఒక సేవ మీద 12 నెలల్లో అయిన మొత్తం ఖర్చు, ఒక కంపెనీకి 12 నెలల్లో వెళ్లిన మొత్తం సొమ్ము, ఈ రెండూ కలిపి చూడాలి. రెండోది, తనిఖీ రెండుసార్లు జరగాలి. ఆలోచన దశలో ఒకసారి, టెండరు బయటికి వెళ్లే ముందు మరోసారి. టెండరు వెలువడ్డాక అడ్డుపడితే కోర్టు కేసులు తప్ప ఏమీ మిగలదు. మూడోది, గేటు దగ్గర కూర్చున్నవాళ్లు ఇన్ని రోజుల్లో జవాబివ్వాలని గడువు ఉండాలి. లేకపోతే ఫైలు ఆరు నెలలు అక్కడే పడుకుంటుంది, శాఖలు మంత్రి దగ్గరికెళ్లి మినహాయింపు తెచ్చుకుంటాయి. రెండు మినహాయింపులు వచ్చాయంటే గేటు ఉన్నట్టా లేనట్టా?

#3 చట్టం_చూపు

డబ్బు సంగతి బాగుంది. కానీ డబ్బు కంటే ముందు చట్టం ఉండాలి. దీన్ని తలకిందులుగా చేసి దెబ్బతిన్న దేశం కెన్యా.

హుదుమా నంబా అనే జాతీయ గుర్తింపు సంఖ్య పథకం పేరుతో 2019లో జనం వివరాలు సేకరించారు. 2020 జనవరిలో హైకోర్టు, తగిన చట్టపరమైన ఏర్పాటు లేకుండా అమలు కుదరదంది. అప్పటికి డేటా రక్షణ చట్టం వచ్చి నెలలే అయింది. తర్వాత కార్డుల పంపిణీ మొదలుపెడితే, ఆ చట్టం అడిగే ప్రభావ అంచనా (జనం గోప్యతకు వచ్చే ముప్పును ముందే లెక్కగట్టే పత్రం) చేయలేదన్న కారణంతో 2021 అక్టోబరులో అదే కోర్టు అది చెల్లదంది. అంచనా పత్రం తయారీకి కొన్ని నెలలు పట్టేది. దాన్ని దాటవేసినందుకు ఏళ్లే పోయాయి.

వరస ఇలా ఉండాలి: డేటా రక్షణ చట్టం, దాన్ని అమలు చేసే స్వతంత్ర సంస్థకు మనుషులు, బడ్జెట్, ఆ తర్వాత గుర్తింపు వ్యవస్థకు ప్రత్యేక చట్టం, ప్రభావ అంచనా, అప్పుడు నమోదు. భారత్‌లో కూడా ఆధార్ మొదటి సంఖ్య 2010 సెప్టెంబరులో ఇస్తే, ఆధార్ చట్టం వచ్చింది 2016లో. 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు పథకాన్ని నిలబెట్టింది కానీ, ప్రైవేటు కంపెనీలు కాంట్రాక్టు మీద ఆధార్ వాడుకునే వీలు కల్పించిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టేసింది. దాంతో ఆధార్ ఆధారంగా ఖాతాదారుల ధ్రువీకరణ నడుపుకుంటున్న ప్రైవేటు కంపెనీలు ఉన్నపళంగా వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

చట్టంలో చేసే రెండో పొరపాటు, సాంకేతికతను అందులోకి ఎక్కించేయడం. దక్షిణ కొరియా 1999లో డిజిటల్ సంతకాల చట్టం చేసింది. ప్రభుత్వం గుర్తించిన సంస్థలిచ్చే సర్టిఫికెట్‌కే పెద్దపీట వేశారు. అది నడవాలంటే బ్రౌజర్‌లో యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ అనుబంధ సాఫ్ట్‌వేర్ ఉండాలి, అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉండాలి. ప్రపంచం వేరే బ్రౌజర్లకు వెళ్లిపోయినా ఆ దేశపు బ్యాంకులు, ప్రభుత్వ సైట్లు అక్కడే చిక్కుకున్నాయి. ఆ సర్టిఫికెట్ ప్రత్యేక హోదా పోయింది 2020 డిసెంబరులో. చట్టం చెప్పాల్సింది ఫలితం: సంతకం చేసింది ఎవరో తేలాలి, తర్వాత ఎవరూ మార్చలేకపోవాలి, కోర్టులో చెల్లాలి. ఏ అల్గారిథమ్, ఎంత పొడవు కీ అన్నది నిబంధనల అనుబంధంలో ఉంచి రెండేళ్లకోసారి సవరించుకోవచ్చు.

డెన్మార్క్ ఇంకో అడుగు ముందుకేసింది. 2018 జులై నుంచి కొత్త బిల్లు ఏదైనా డిజిటల్‌గా అమలు చేయడానికి వీలుగా ఉందో లేదో ముందే అంచనా వేయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. "అధికారి సంతృప్తి చెందిన మీదట" అని చట్టంలో ఉంటే సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఆ సంతృప్తిని ఎక్కడి నుంచి తెస్తాడు?

#4 సాలెగూడు

ఇద్దరూ మంచి మాటలే చెప్పారు. అయితే అసలు పని రిజిస్టర్లలో ఉంది. నాలుగు మూల రిజిస్టర్లు: మనుషులు, సంస్థలు, భూమి, చిరునామాలు. ఒక్కోదానికి ఒక్కరే యజమాని. మిగతా శాఖలన్నీ అక్కడి నుంచి అడిగి తెచ్చుకోవాలే తప్ప సొంత కాపీ పెట్టుకోకూడదు. ఎస్టోనియాలో ఇది సలహా కాదు, ప్రభుత్వ సమాచార చట్టంలోనే ఉంది: ఒకే సమాచారం సేకరించడానికి వేరే డేటాబేస్ పెట్టడం నిషిద్ధం.

శాఖల మధ్య డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి 2001లో మొదలైన వాళ్ల ఎక్స్-రోడ్ వ్యవస్థ గురించి ఒక అపోహ ఉంది, అదేదో అన్ని వివరాలూ పోసిన పెద్ద గోదాము అని. కాదు. ఏ శాఖ డేటా ఆ శాఖ దగ్గరే ఉంటుంది. ప్రతి సభ్య సంస్థ ముందు ఒక సెక్యూరిటీ సర్వర్ నిలబడుతుంది. పన్నుల శాఖకు ఒకరి చిరునామా కావాలంటే దాని సర్వర్ నేరుగా జనాభా రిజిస్టర్ సర్వర్‌ను అడుగుతుంది. ప్రశ్న మీద సంతకం, జవాబు మీద సంతకం, రెండిటి మీదా సమయ ముద్ర, రెండు వైపులా లాగ్. మధ్యలో ఉన్న కేంద్రం దగ్గర ఉండేది సభ్యుల జాబితా, ఏ సర్టిఫికెట్లను నమ్మాలన్న వివరం మాత్రమే. డేటా దాని గుండా పోదు. ఎవరు ఎవరి సేవ వాడుకోవచ్చో కూడా ఆ సేవ ఇచ్చే శాఖే నిర్ణయిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, తెచ్చుకుని కొన్ని వారాల్లో పెట్టేయొచ్చు.

కానీ ఏళ్లు పట్టేది సాఫ్ట్‌వేర్‌తో కాదు, రికార్డులు కలపడంతో. రెండు రిజిస్టర్లు కలపబోతే మొదటి విడతలో పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా కలిసినవి తేలిగ్గా పోతాయి. తర్వాత ఇంటిపేరు ముందూ వెనకా అయినవి, తేదీ-నెల తారుమారైనవి, పుట్టిన తేదీ తెలియక జనవరి 1 వేసినవి. ఆ జనవరి 1 వాళ్లే ఒక్కోచోట కుప్పలుగా ఉంటారు. మూడో విడత మనిషి కూర్చుని చూడాల్సినవి. ఈ మూడో కుప్పకు మనుషులను, బడ్జెట్‌ను, "తుది నిర్ణయం ఎవరిది" అన్న ఉత్తర్వును ముందే పెట్టుకోని ప్రాజెక్టు అక్కడే కూలబడుతుంది. యంత్రం చేత బలవంతంగా కలిపిస్తే ఒకరి పింఛను మరొకరికి వెళ్తుంది.

జపాన్‌లో 2023లో బయటపడ్డ పొరపాటు చూడండి. మై నంబర్ అనే వ్యక్తిగత గుర్తింపు సంఖ్యకు బ్యాంకు ఖాతా జోడించే పని స్థానిక కార్యాలయాల్లోని ఉమ్మడి కంప్యూటర్ల మీద జరిగింది. ముందు వ్యక్తి లాగౌట్ కాకుండా లేచిపోతే, తర్వాత కూర్చున్న మనిషి ఖాతా ముందు మనిషి సంఖ్యకు అంటుకుంది. హ్యాకింగ్ లేదు, పాడూ లేదు. తెర మీద "మీరు ఫలానా వారేనా?" అని పేరుతో అడిగి, పని పూర్తవగానే దానంతటదే లాగౌట్ అయ్యేలా పెట్టి ఉంటే సరిపోయేది.

#5 ఎదురుమాట

ఎస్టోనియా జనాభా 13 లక్షల చిల్లర. ప్రతి చర్చలోనూ ఆ దేశాన్నే తెచ్చి పెడతారు. పది కోట్లు దాటిన దేశానికి, రాష్ట్రాలకు సొంత అధికారాలున్న దేశానికి అది ఎలా పనికొస్తుంది?

#6 సాలెగూడు

@ఎదురుమాట: అభ్యంతరం సగం సరైనదే. లావాదేవీల సంఖ్య ఇబ్బంది కాదు, కేంద్రం గుండా డేటా పోదు కాబట్టి సర్వర్లు పెంచుకుంటూ పోవచ్చు. ఇబ్బంది యాజమాన్యంలో ఉంది. సమాఖ్య దేశంలో భూమి రిజిస్టర్ రాష్ట్రాలది, వాహనాలవి రాష్ట్రాలవి. అక్కడ కేంద్రం చేయగలిగింది మూడు: సందేశాల రూపానికి, కోడ్ పట్టికలకు ప్రమాణం నిర్ణయించడం, ఆ ప్రమాణం పాటించిన రాష్ట్రానికే నిధుల్లో ఒక వాటా విడుదల చేయడం, పాటిస్తున్నారో లేదో చూసే పరీక్షా సర్వర్ నడపడం. మూడోది మర్చిపోతే అందరూ పాటిస్తున్నామనే రాసిస్తారు.

#7 తూనికరాయి

చెల్లింపుల సంగతి ఎవరూ ఎత్తలేదు. డిజిటల్ ఆర్థిక వ్యవస్థలో జనం రోజూ తాకేది అదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నమూనాలు ప్రధానంగా మూడు. బ్రెజిల్‌లో తక్షణ చెల్లింపుల వ్యవస్థ పిక్స్ (2020 నవంబరు 16) నియమాలు రాసిందీ, నడుపుతున్నదీ కేంద్ర బ్యాంకే. 5 లక్షలకు పైగా చురుకైన ఖాతాలున్న ప్రతి సంస్థా చేరి తీరాలన్నారు. వ్యక్తులకు రుసుము లేదన్నారు. యాప్‌లో పిక్స్ ఎలా కనిపించాలో కూడా నియమాలు పెట్టారు. పెద్ద బ్యాంకులకు తమ పాత బదిలీ రుసుముల మీద ఆదాయం పోతుంది, స్వచ్ఛందం అని వదిలేస్తే అవి కాలక్షేపం చేసేవి. తప్పనిసరి అన్న ఒక్క మాటతో మొదటి రోజే అందరూ అందులో ఉన్నారు.

భారత్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ బ్యాంకుల యాజమాన్యంలో లాభాపేక్ష లేని కంపెనీగా పుట్టింది (2008), యూపీఐ 2016లో వచ్చింది, రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉంది. కెన్యాలో 2007లో మొబైల్ డబ్బు సేవ ఎం-పెసాకు కేంద్ర బ్యాంకు అభ్యంతరం లేదని లేఖ ఇచ్చి, జనం డబ్బు ట్రస్టు ఖాతాలో ఉండాలని షరతు పెట్టి, ఎదగనిచ్చింది. చెల్లింపుల చట్టం 2011లో వచ్చింది. కొత్తదాన్ని బతకనిచ్చే పద్ధతి ఇదే, కానీ దాని ఖరీదు కూడా ఉంది: ఒకే కంపెనీ ఆధిపత్యం స్థిరపడింది, కంపెనీల మధ్య వాలెట్ల అనుసంధానం 2018 దాకా ఆగింది.

ఇప్పుడు "ఉచితం" సంగతి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి రుసుము సున్నా. రుసుము సున్నా అయినంత మాత్రాన ఖర్చు సున్నా కాదు. బ్యాంకు సర్వర్లు, మోసాల నిఘా, ఫిర్యాదుల విభాగం, వీటికి ఎవరో ఒకరు కట్టాలి. 2024-25కు భారత ప్రభుత్వం 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది, చిన్న వ్యాపారులకు 2,000 లోపు జరిగే లావాదేవీల మీద 0.15 శాతం. బడ్జెట్‌లో ఏటా మారే అంకె మీద బ్యాంకు తన సర్వర్ల పెట్టుబడి ప్రణాళిక వేసుకోలేదు. ముసాయిదా రాసేవాళ్లు ఇక్కడ తేల్చి చెప్పాలి: ఐదేళ్లకు స్థిరమైన రాయితీ సూత్రమా, పెద్ద వ్యాపారుల మీద చిన్న రుసుమా? రెండూ తేల్చకపోతే భారం పడేది నాణ్యత మీద.

ఆ భారం ఎలా కనబడుతుందో 2025 వసంతంలో చూశాం. మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ తడబడింది. ఏప్రిల్ నాటి కారణం డబ్బు బదిలీలు పెరగడం కాదు. "ఆ లావాదేవీ ఏమైంది?" అని అడిగే స్థితి-తనిఖీ ఏపీఐని (ఒక కంప్యూటరు మరో కంప్యూటరుకు పంపే ప్రశ్నను) కొన్ని బ్యాంకులు పాత లావాదేవీలకు కూడా మళ్లీ మళ్లీ పంపాయి. వ్యవస్థ కాస్త నెమ్మదించగానే జవాబు రాలేదని ఇంకా ఎక్కువగా అడిగాయి, అది ఇంకా నెమ్మదించింది. తర్వాత వచ్చిన నియమాలు చూడండి: మొదటి తనిఖీ 90 సెకన్ల తర్వాతే, రెండు గంటల్లో మూడు తనిఖీలకు మించకూడదు, నిల్వ చూసుకోవడం ఒక యాప్‌లో రోజుకు 50 సార్లే. ఇలాంటి పరిమితులు మొదటి రోజు నుంచే నియమ పుస్తకంలో ఉండాలి, పాటించని సంస్థను తాత్కాలికంగా ఆపే మీట నిర్వాహకుడి చేతిలో ఉండాలి. ఏ దేశపు చెల్లింపుల వ్యవస్థకైనా ఇది వర్తిస్తుంది.

#8 ఎదురుమాట

అలాగైతే కేంద్ర బ్యాంకే డిజిటల్ కరెన్సీ తెచ్చేస్తే పోలా? మధ్యలో ఇంతమంది ఎందుకు?

#9 తూనికరాయి

నైజీరియా తెచ్చింది కదండీ, 2021 అక్టోబరులో, ఇ-నైరా. మొదటి ఏడాది గురించి ఐఎంఎఫ్ పత్రం రాసిన లెక్క ప్రకారం ఏ వారం తీసుకున్నా 98.5 శాతం వాలెట్లు ఒక్కసారి కూడా వాడలేదు. అప్పటికే పనిచేస్తున్న బ్యాంకు బదిలీల కంటే ఇందులో జనానికి కొత్తగా ఒరిగేదేమిటో కనబడలేదు. ముందు "ఇప్పుడున్న దానిలో ఏది జరగడం లేదు?" అని అడగాలి. జవాబు దొరక్కపోతే ఆ డబ్బు మిగుల్చుకోవాలి.

#10 నిధి_లెక్క

చెల్లింపుల మాట వచ్చింది కాబట్టి, ఆర్థిక శాఖలు తమ చేత్తో తామే చెడగొట్టే పని ఒకటుంది. వాడకం పెరగగానే దాని మీద పన్ను.

ఉగాండా 2018 జులైలో మొబైల్ డబ్బు మీద 1 శాతం పన్ను వేసింది. జనం నగదుకు మళ్లారు, నిరసనలు లేచాయి, అదే ఏడాది నవంబరుకల్లా 0.5 శాతానికి దించి కేవలం నగదు తీసుకునేటప్పుడే వర్తింపజేశారు. ఘనా 2022 మేలో ఎలక్ట్రానిక్ బదిలీల మీద 1.5 శాతం ఇ-లెవీ పెట్టింది, 2023లో 1 శాతం చేసింది, 2025లో రద్దు చేసింది. పైసా పైసా లాభం మీద బతికే చిరు వ్యాపారికి మొత్తం విలువ మీద 1.5 శాతం అంటే లాభంలో పెద్ద ముక్కే. పైగా ఒకే సొమ్ము నాలుగు చేతులు మారితే నాలుగుసార్లు పన్ను. రాబడి కావాలంటే ఆపరేటర్ల లాభం మీద, వాళ్లు వసూలు చేసే రుసుము మీద వేసుకోవచ్చు. బదిలీ అయ్యే సొమ్ము మీద మాత్రం కాదు.

@దస్త్రం: ముసాయిదాలో ఆర్థిక శాఖ ఎక్కడుందో చూడండి. చాలాచోట్ల ఆఖరి వరసలో "సభ్యుడు" అని ఉంటుంది. అలా పెడితే ఇలాంటి పన్ను ప్రతిపాదన బడ్జెట్ ప్రసంగం రోజే డిజిటల్ శాఖకు తెలుస్తుంది.

#11 మీటగది

కాంట్రాక్టులు, మనుషుల గురించి నా వంతు.

కెనడా ప్రభుత్వోద్యోగుల ఫీనిక్స్ జీతాల వ్యవస్థ మీద ఆడిటర్ జనరల్ 2018 నివేదిక ప్రతి కార్యదర్శీ చదవాలి. అనుమతించిన నిర్మాణ బడ్జెట్ 15.5 కోట్ల డాలర్లు. కంపెనీ వేసిన అంచనా 27.4 కోట్లు. పైవాళ్లను ఇంకో రూపాయి అడగడానికి మొహమాటపడి, ఉన్న బడ్జెట్‌లో ఇమిడేలా 984 జీతాల విధుల్లో వందకు పైగా తీసేశారు లేదా వాయిదా వేశారు. ప్రయోగాత్మక దశను రద్దు చేశారు. అనుభవమున్న జీతాల సిబ్బందిని ముందుగానే తగ్గించుకున్నారు. 2016లో వ్యవస్థ మొదలయ్యాక కొందరికి జీతం తక్కువ, కొందరికి ఎక్కువ, కొందరికి అసలు లేదు. సరిదిద్దడానికి అయిన ఖర్చు ముందు మిగుల్చుకున్నదానికి ఎన్నో రెట్లు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంటే పెద్ద లోపం ఒకటుంది. "ఇది సిద్ధంగా లేదు, ఆపండి" అని చెప్పగల స్వతంత్ర మనిషి ఆ నిర్ణయం జరిగే గదిలో లేడు. కాబట్టి నిబంధన రాసేటప్పుడు ప్రారంభానికి అనుమతి ఇచ్చే సంతకం, ప్రాజెక్టు కట్టినవాళ్లది కాకూడదు. దానికి ముందు మూడు కాగితాలు బల్ల మీద ఉండాలి: నిజమైన రికార్డులతో పాత, కొత్త వ్యవస్థలు పక్కపక్కన నడిపినప్పుడు తేడా వచ్చిన కేసుల జాబితా, అనుకున్న గరిష్ఠ రద్దీకి రెట్టింపు దగ్గర చేసిన పరీక్ష ఫలితం, వెనక్కి మళ్లడానికి పట్టే సమయం.

మనుషుల లెక్క. ఒక సేవకు ఆరు నుంచి పదిమంది బృందం చాలు: ఆ సేవకు జవాబుదారీగా ఉండే అధికారి ఒకరు, వాడకందారులతో మాట్లాడి పరిశోధించేవారు, డిజైనర్, ఇద్దరు ముగ్గురు డెవలపర్లు, పరీక్షించేవారు, సర్వర్లు చూసేవారు, చట్టం తెలిసిన అధికారి. ఈ చివరి ఇద్దరినీ బయటి నుంచి అరువు తెచ్చుకోకండి. బయటి కంపెనీ డెవలపర్లను తెచ్చుకోవచ్చు, కానీ ఆ సేవ ఎలా ఉండాలో తేల్చేవాళ్లు ప్రభుత్వ జీతం మీదే ఉండాలి. ఆ జీతం దగ్గరే చిక్కు. సాధారణ వేతన స్కేలులో ఇమిడించబోతే మంచివాళ్లు రారు. అందుకే సింగపూర్ 2016లో గవ్‌టెక్‌ను విడిగా చట్టబద్ధ సంస్థగా పెట్టింది. జపాన్ 2021 సెప్టెంబరులో డిజిటల్ ఏజెన్సీ పెట్టినప్పుడు ప్రైవేటు రంగం నుంచి పెద్ద సంఖ్యలో తీసుకుంది.

కాంట్రాక్టులో తప్పక ఉండాల్సింది నిష్క్రమణ పరీక్ష. "డేటా వెనక్కి ఇస్తాం" అన్న వాక్యం అందరూ రాస్తారు. ఏడాదికోసారి నిజంగా మొత్తం డేటా బయటికి తీసి, వేరే యంత్రంలో ఎక్కించి, కొత్త మనిషి చేత నడిపించి చూడాలి. ఈ పని చేయించే ఖర్చు కూడా కాంట్రాక్టు ధరలోనే ఉండాలి.

#12 కావలి

వెనక్కి ఎక్కించే సంగతి ఎత్తారు కాబట్టి: 2025 సెప్టెంబరు 26, దక్షిణ కొరియా, డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రం. యూపీఎస్ లిథియం బ్యాటరీలను సర్వర్ గది నుంచి తరలించే పనిలో మంటలు. మొదట 647 వ్యవస్థలు ఆగాయన్నారు, తర్వాత లెక్క 709కి పెరిగింది. ఉద్యోగుల దస్త్రాలు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. పరిమాణం పెద్దదని దానికి బయట బ్యాకప్ పెట్టలేదట. ఎన్నెన్ని టెరాబైట్లున్నాయన్న అంకె చూసి బెదిరిపోయి బ్యాకప్ మానేయడం అంటే ఇల్లు పెద్దదని తాళం వేయకపోవడమే.

"వ్యవస్థల ప్రాధాన్య క్రమం" అన్న పట్టిక ముసాయిదాకు అనుబంధంగా ఉండాలి. ప్రతి వ్యవస్థకు రెండు అంకెలు: ఎంతసేపు ఆగితే భరించగలం, ఎన్ని నిమిషాల డేటా పోతే భరించగలం. గుర్తింపు, చెల్లింపులు, ఆసుపత్రి రికార్డులకు నిమిషాలు. వార్షిక నివేదికల సైటుకు రోజులు పట్టినా ఫరవాలేదు. అన్నీ మొదటి తరగతే అని ప్రతి శాఖా రాస్తుంది, కాబట్టి మొదటి తరగతి కోరుకున్న శాఖ రెండో కేంద్రం ఖర్చు తన బడ్జెట్ నుంచే కట్టాలనండి. జాబితా దానంతటదే చిక్కిపోతుంది.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. 2017లో ఎస్టోనియా గుర్తింపు కార్డుల చిప్పులో కీలు తయారుచేసే తీరులో లోపం బయటపడింది, దాదాపు 7.5 లక్షల కార్డులు దాని కిందికొచ్చాయి. విషయం దాచకుండా చెప్పారు, ఇంటర్నెట్ ద్వారానే సర్టిఫికెట్ మార్చుకునే ఏర్పాటు చేశారు, నవంబరులో పాతవాటిని నిలిపేశారు. ఫోను ఆధారిత గుర్తింపు అప్పటికే వేరుగా ఉండటంతో దేశం స్తంభించలేదు. గుర్తింపుకు రెండు వేర్వేరు సాంకేతిక దారులు ఉండటం దుబారా అనుకునేవాళ్లకు ఇదే నా జవాబు.

ఉక్రెయిన్ 2022 ఫిబ్రవరి 17న క్లౌడ్ చట్టం ఆమోదించింది, రష్యా దాడికి సరిగ్గా వారం ముందు. దాడి మొదలయ్యాక రిజిస్టర్లను దేశం బయటి క్లౌడ్‌కు తరలించగలిగారు. దేశం లోపలే ఉండాలన్న నియమం చాలా దేశాల్లో ఉంది. పెట్టుకోండి, కానీ అత్యవసర మినహాయింపు క్లాజు, ఆ రోజున సంతకం పెట్టాల్సిన అధికారి హోదా కూడా అదే చట్టంలో ఉండనివ్వండి. ఎస్టోనియా లక్సెంబర్గ్‌తో 2017లో కుదుర్చుకున్న డేటా రాయబార కార్యాలయం (తన డేటా కాపీని మరో దేశంలో తన అధీనంలోనే ఉంచుకునే ఏర్పాటు) ఒప్పందం ఇంకా పద్ధతైన దారి.

#13 దస్త్రం

చాలా పనికొచ్చే విషయాలు చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఒకటి, ఎన్ని సేవలు ఆన్‌లైన్‌లో పెట్టాం, ఎన్ని డౌన్‌లోడ్లు అన్న లెక్కలు చాలవనుకుంటే మరేం కొలవాలి? రెండు, పాత వ్యవస్థల్ని ఎప్పుడు మూసేయాలి?

#14 చట్టం_చూపు

మొదటిదానికి: మొదలుపెట్టిన ప్రతి వందమందిలో ఎందరు పని పూర్తి చేసుకోగలిగారు అన్నది కొలవండి. బ్రిటన్ వెరిఫై గుర్తింపు పథకాన్ని 2019లో ఆడిట్ కార్యాలయం చూసినప్పుడు ఆ అంకె 48 శాతం. ముందు వేసుకున్న అంచనా 90. 2020కి 2.5 కోట్ల మంది లక్ష్యం, 2019 ఫిబ్రవరికి చేరింది 36 లక్షలు. పైన జీడీఎస్‌ను మెచ్చుకున్నారు, ఇదీ దాని పనే. పన్నుల శాఖ తన సొంత లాగిన్ గేట్‌వేను వదల్లేదు. పెద్ద శాఖ ఒక్కటి రానంటే ఉమ్మడి వేదిక ఉమ్మడిది కాదు. 2023లో వెరిఫై మూతపడింది.

ఆ వందలో ఆగిపోయిన 52 మందిని వయసు, ప్రాంతం, ఫోను రకం వారీగా విడగొట్టాలి. సగటు అంకె మోసం చేస్తుంది. సగటు మనుషుల్ని కూడా ముంచుతుంది, ఆస్ట్రేలియాలో భృతి తీసుకున్నవాళ్ల నుంచి యంత్రం లెక్కతో బాకీలు వసూలు చేసిన రోబోడెట్ పథకం చూడండి. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలతో భాగించి, ప్రతి పక్షంలోనూ అంతే సంపాదించారని లెక్కగట్టి బాకీ నోటీసులు పంపారు. ఏడాదిలో 13 పక్షాలు పనిచేసి 26,000 సంపాదించి, మిగతా 13 పక్షాలు పని లేక భృతి తీసుకున్న మనిషిని తీసుకోండి. యంత్రం దృష్టిలో అతను ప్రతి పక్షంలో 1,000 సంపాదించాడు, అంటే భృతి అక్రమం. పైగా తప్పని నిరూపించుకునే భారం అతనిదే. ఇలా కుదరదన్న న్యాయ సలహా 2014లోనే ఉంది. పథకం 2019 దాకా నడిచింది, రాయల్ కమిషన్ నివేదిక 2023లో వచ్చింది. యంత్రం పంపే ప్రతికూల నిర్ణయం ఏదైనా సరే, దాని లెక్క ఒక పేజీలో చూపించాలి, మనిషికి అప్పీలు చేసుకునే దారి ఉండాలి, అప్పీలు తేలేదాకా వసూలు ఆగాలి.

#15 నిధి_లెక్క

రెండో సందేహానికి. కొత్తది వచ్చాక పాతది మూయకపోతే రెండిటి నిర్వహణా కట్టుకుంటూ కూర్చోవాలి. నిర్మాణ వ్యయంలో ఏటా 15 నుంచి 25 శాతం నిర్వహణకు పోతుందన్నది రంగంలో వాడుకలో ఉన్న అంచనా. మూలధన పద్దు కింద కట్టేసి, నాలుగో ఏట నిర్వహణకు పద్దే లేకపోవడం మామూలుగా జరిగేది. ఐదేళ్ల నిర్వహణ అంకె మొదటి ఫైలులోనే చూపించమనాలి.

మూసివేతకు పద్ధతి: రెండూ కలిసి నడిచే కాలం ముందే నిర్ణయించండి, సాధారణంగా ఒక పూర్తి వార్షిక చక్రం, ఎందుకంటే ఏడాది చివరి లెక్కలు ఒక్కసారి దాటితే తప్ప లోపాలు బయటపడవు. ఆ తర్వాత పాతదాన్ని చదవడానికి మాత్రమే ఉంచి, రాయడం ఆపాలి. చివరికి ఆర్కైవ్. కౌంటరు మాత్రం ఇందులో లేదు. మనిషి కూర్చునే కౌంటరు పాత వ్యవస్థ కాదు, అది కూడా కొత్త సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది.

#16 ఎదురుమాట

అన్నీ బాగున్నాయి. కొత్త మంత్రిత్వ శాఖ కావాలా వద్దా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

#17 నిధి_లెక్క

శాఖ ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ఖర్చు గేటు ఆర్థిక శాఖలో పెట్టి, సాంకేతిక అభిప్రాయం డిజిటల్ సంస్థ చేత రాయించి, ఆ అభిప్రాయాన్ని కాదనాలంటే ఆర్థిక మంత్రి కారణాలు లిఖితపూర్వకంగా ఇవ్వాలని పెట్టండి. ఇక ఫైలు నమూనాలో ఒక గడి చేర్చండి: ఈ కొత్త వ్యవస్థ వల్ల మూతపడే పాత వ్యవస్థ పేరు, మూసే తేదీ, దాని బడ్జెట్ పద్దు. ఆ గడి ఖాళీగా వస్తే ఫైలు చదవకుండానే వెనక్కి పంపే అధికారం డెస్క్ అధికారికే ఇవ్వాలి, మంత్రి దాకా పోనక్కర్లేదు.